వేరు పీకకుండా: ఆగ్నేయ పోలండ్‌లో ఒక యూదుల శ్మశానవాటిక, ఐదేళ్ల పని

2019 నవంబరులో పన్నెండు మందిమి రంపాలు పట్టుకుని ఆ గుట్ట ఎక్కాం. నాలుగు రోజులు ఒళ్లు వంచి పనిచేశాం. నాలుగో రోజు సాయంత్రానికి అక్కడి నేల మీద ఎండ పడింది. అప్పటిదాకా ముళ్ల కింద, ఆకుల కింద దాగి ఉన్న నలభై ఒక్క సమాధిరాళ్లు బయటికొచ్చాయి. ఫోటోలు తీసుకుని సంతోషంగా దిగివచ్చాం. మరుసటి జూలైలో వెళ్లి చూస్తే లోపల అడుగుపెట్టే సందు లేదు. కొట్టిన ప్రతి మొద్దు చుట్టూ ఇరవై ముప్ఫై పిలకలు మనిషెత్తు లేచి ఉన్నాయి. చెట్ల నీడలో అణిగి ఉన్న పొదలన్నీ ఎండ తగిలేసరికి విరగబడి పెరిగాయి. రెండు రాళ్లు కనిపించలేదు. మేం బయటపెట్టాం కాబట్టే అవి ఎవరి కంటిలోనో పడ్డాయి.

ఆ చెట్టు రొబీనియా. పోలండ్ జనం దాన్ని అకాసియా అనే పిలుస్తారు. అమెరికా నుంచి వచ్చి యూరప్ అంతా పాకింది. గుణంలో మన సర్కారు తుమ్మే: కొడితే చావదు, ప్రతి వేరు నుంచీ మళ్లీ మొలుస్తుంది. మామూలు పొలమైతే జేసీబీ పెట్టి వేళ్లతో పెకలించేవాళ్లం. ఇక్కడ ఆ దారి లేదు. యూదుల ధర్మశాస్త్రం ప్రకారం సమాధి శాశ్వతం. అందులోని అస్థికలను కదపకూడదు, నేల తవ్వకూడదు, వేరు పీకకూడదు. వేరు వెంట ఎముక కదిలే ప్రమాదం ఉంది కాబట్టి చెట్టును నేల మట్టానికి కోయడం వరకే అనుమతి.

మా ఐదేళ్ల పనంతా ఈ ఒక్క నియమం చుట్టూ తిరిగింది. ఈ రంగంలోకి కొత్తగా వచ్చేవాళ్లకు, ముఖ్యంగా మన దగ్గర పాత సమాధులు, వీరగల్లులు, పాడుబడ్డ గుడులు శుభ్రం చేయాలని ఉత్సాహపడే కుర్రవాళ్లకు, మా తప్పులతో సహా ఇది ఉపయోగపడుతుందని రాస్తున్నాను. ఊరి పేరు, మనుషుల పేర్లు రాయడం లేదు. రాళ్లు తిరిగి ఇచ్చిన కుటుంబాలకు మేమిచ్చిన మాట అది. ఆ మాట లేకపోతే ఒక్క రాయి కూడా వచ్చేది కాదు.

నా గురించి రెండు ముక్కలు. మాది తాండూరు. షాబాదు బండల మధ్య పెరిగాను. నాన్న పాలిష్ యూనిట్‌లో పనిచేసేవారు. రాయిని వేలితో తట్టి, మోగిన తీరును బట్టి లోపల పగులుందో లేదో చెప్పేవారు. నేను సర్వేయింగ్ చదివి, మాస్టర్స్ కోసం పోలండ్ వచ్చి, ఇక్కడే ఉండిపోయాను. శ్మశానాల్లోకి వచ్చింది డ్రోన్ సర్వే పని మీద. ఉండిపోయింది మాత్రం రాళ్ల కోసం.

గుట్ట కథ

ఈ ప్రాంతాన్ని గలీషియా అనేవారు. 1772 నుంచి 1918 దాకా ఆస్ట్రియా చక్రవర్తుల ఏలుబడిలో ఉంది. ఇక్కడి చిన్న పట్నాల్లో సంత రోజు బజారులో పోలిష్, యూదుల ఇంటి భాష యిద్దిష్, ఉక్రేనియన్ మూడూ వినిపించేవి. మేం పనిచేసిన ఊళ్లోనూ రెండో ప్రపంచ యుద్ధానికి ముందు బజారు చుట్టూ ఉన్న ఇళ్లలో చాలావరకు యూదులవే. యుద్ధానికి ముందు పోలండ్‌లో దాదాపు 33 లక్షల మంది యూదులుండేవారు. వారిలో సుమారు 30 లక్షల మందిని నాజీలు చంపేశారు. 1942 మార్చి నుంచి డిసెంబరు వరకు బెల్జెట్స్ అనే ఒక్క శిబిరంలోనే 4,30,000 మందికి పైగా చంపారు. అందులో పెద్ద భాగం గలీషియా పట్నాల మనుషులే. మా ఊరివాళ్లను తీసుకెళ్లిన రైలు కూడా అక్కడికే పోయింది.

రాళ్లనూ వదల్లేదు. క్రాకోవ్ నగరంలో నాజీలు ప్వాషూవ్ శిబిరాన్ని రెండు యూదు శ్మశానాల మీదే కట్టారు, సమాధిరాళ్లను దారులకు పరిచారు. చిన్న ఊళ్లలోనూ ఇదే జరిగింది. జర్మన్ సైన్యం రోడ్లకు, పెరళ్లకు రాళ్లు వాడింది. యుద్ధం అయిపోయాక మిగిలిన రాళ్లను చుట్టుపక్కల జనం తీసుకున్నారు. ఇసుకరాయి కాబట్టి గుండ్రంగా కోసి కత్తులు నూరే సానరాళ్లు చేసుకున్నారు, కొట్టాలకు పునాది వేసుకున్నారు, గుమ్మం ముందు మెట్లుగా పరుచుకున్నారు. ఎదురు చెప్పడానికి యూదులు మిగల్లేదు.

పోలండ్‌లో సుమారు 1,200 యూదు శ్మశానాలున్నాయి. 1959 నాటి శ్మశానాల చట్టం, ఆఖరి ఖననం జరిగి 40 ఏళ్లు దాటితే మూసివేసిన శ్మశానం స్థలాన్ని వేరే పనికి వాడుకోవచ్చంది. ధర్మశాస్త్రం శాశ్వతం అంటుంటే చట్టం 40 ఏళ్లంది. ఆ మధ్యలో చాలా శ్మశానాలు పార్కులయ్యాయి, ఇళ్ల స్థలాలయ్యాయి. 1997లో వచ్చిన చట్టంతో యూదు సంఘాలు తమ ఆస్తులను తిరిగి అడిగే వీలు కలిగింది. అలా వచ్చిన శ్మశానాలను చూసుకునే యూదు వారసత్వ పరిరక్షణ ఫౌండేషన్ 2002లో ఏర్పడింది. తవ్వకం, హద్దు, కంచె లాంటి విషయాల్లో ధర్మసందేహం వస్తే రబ్బీల, అంటే యూదు మతగురువుల, శ్మశాన కమిషన్‌ను అడుగుతాం. 2015లో జర్మనీలో మొదలైన ఈఎస్‌జేఎఫ్ అనే సంస్థ తూర్పు యూరప్ దేశాల్లో డ్రోన్లతో శ్మశానాలను సర్వే చేసి కంచెలు వేస్తోంది. ఇప్పుడు ఈ రంగంలో అందరూ వాడుతున్న పద్ధతుల్లో చాలా వాటికి ఆ పనే దారి చూపింది.

మా గుట్టను ఊరివాళ్లు 'కిర్కుట్' అంటారు. యూదు శ్మశానానికి పోలిష్‌లో వాడుక మాట అది. యూదులు మాత్రం బేత్ హయ్యిమ్ అంటారు, అంటే 'జీవుల ఇల్లు'. అక్కడి పిల్లలకు ఈ రెండో పేరు చెప్పినప్పుడు వాళ్లు చాలాసేపు దాని గురించే మాట్లాడుకున్నారు.

హద్దు

చెట్ల తప్పు తర్వాత పని ఆపేసి, మొదటి నుంచి మొదలుపెట్టాం. నేను నేర్చుకున్న వరుస ఇది: ముందు హద్దు, తర్వాత పేర్లు, తర్వాత ఊరు, ఆఖరున శుభ్రం. మేం సరిగ్గా తలకిందులుగా చేశాం.

హద్దు ఎందుకు ముందంటే, ఇవాళ కాగితం మీద ఉన్న ప్లాటు, శ్మశానం అసలు విస్తీర్ణం చాలా చోట్ల ఒకటి కావు. మేం మూడు పొరలు ఒకదానిపై ఒకటి వేసి చూశాం. మొదటిది 19వ శతాబ్దపు ఆస్ట్రియన్ భూమి పటం. 1:2880 స్కేలులో గీసిన ఆ పటాల్లో ప్రతి కమతం, ప్రతి ఇల్లు కనిపిస్తుంది. నాకైతే మన గ్రామ నక్షా చూసినట్టే అనిపించింది. రెండోది 1944లో జర్మన్ వైమానిక దళం తీసిన ఫోటో. ఇప్పుడు అలాంటి ఫోటోలు అమెరికా జాతీయ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. అందులో చెట్లు లేవు, రాళ్ల వరసల నీడలు స్పష్టంగా ఉన్నాయి. మూడోది పోలండ్ ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే లైడార్ డేటా. విమానం నుంచి లేజర్ కిరణాలు పంపి నేల ఎత్తుపల్లాలు కొలుస్తారు. కంప్యూటర్‌లో చెట్లను తీసేస్తే సమాధుల దిబ్బలు, పాత గోడ పునాది గట్టు చిన్న చిన్న ముడతల్లా కనిపిస్తాయి. వీటి మీద మా డ్రోన్ చిత్రం పరిచాం. డ్రోన్‌ను చెట్లకు ఆకులు రాలాక, మంచు పడకముందు ఎగరేయాలి. ఏడాదిలో ఆ అవకాశం ఉండేది మూడు నాలుగు వారాలే.

నాలుగూ కలిపితే పడమటి వైపు తేడా తేలింది. పాత గోడ గట్టు పక్కింటివారి ఆలుగడ్డల మడిలో నాలుగు మీటర్లు లోపలికి ఉంది. అంటే ఆ నాలుగు మీటర్ల కింద సమాధులున్నాయి. తవ్వకుండానే నేల లోపలికి చూసే రాడార్ బండి నడిపి చూశాక అనుమానం ఇంకా బలపడింది.

ఆ ఇంటాయన ఆ భూమిని చట్టప్రకారం కొన్నాడు. తల్లిదండ్రుల కాలం నుంచి అక్కడే పండిస్తున్నారు. మొదటిసారి ఆయనకు పటం చూపించినప్పుడు ముఖం పాలిపోయింది. "నా పిల్లలకు నేను పెట్టింది ఈ మట్టిలో పండిందా?" అని అడిగి, కుర్చీలో కూర్చుండిపోయాడు. భూమి లాక్కుంటారన్న భయం కన్నా ఈ బాధే ఎక్కువని నాకు అప్పుడు అర్థమైంది. తర్వాత రబ్బీల కమిషన్ ప్రతినిధి వచ్చి ఆయనతో రెండు గంటలు మాట్లాడారు. భూమి ఆయన పేరు మీదే ఉంటుంది. ఆ నాలుగు మీటర్లలో దున్నడం, తవ్వడం ఉండదు, గడ్డి పెంచి కోసుకుంటాడు. కంచె స్తంభాల గోతులు ఆ గీతకు అవతల, కమిషన్ మనిషి ఎదుటే తీశాం. కోర్టుకు పోయి ఉంటే పదేళ్లు పట్టేది, ఊరంతా మాకు ఎదురు తిరిగేది.

గేటుకు తాళం వేశాం. తాళంచెవి ఏ ఆఫీసులోనూ పెట్టలేదు. ఎదురింటి పెద్దావిడకు ఇచ్చాం. ఆమె వయసు అప్పుడు డెబ్బై ఎనిమిది. నేను ఆమెను 'పాని' అని పిలిచేవాణ్ణి, మన 'అమ్మగారు' లాంటి మాట. బయటి నుంచి ఎవరు వచ్చినా తాళం కోసం ఆమె ఇంటికే వెళ్లాలి, టీ తాగక తప్పదు, ఊరి కథ వినక తప్పదు. ఎన్ని సీసీ కెమెరాలు పెట్టినా రాని కాపలా అది.

రొబీనియా సంగతి. కొట్టడం మానేశాం. కాండం చుట్టూ బెరడును వలయంగా ఒలిచి, మొదటి ఏడాది కొద్ది వెడల్పు బెరడు వంతెనలా వదిలాం. పూర్తిగా ఒలిస్తే చెట్టు వెంటనే పిలకలు వేస్తుంది. కొంచెం వదిలితే నెమ్మదిగా వేళ్లలోని బలం తగ్గుతుంది. రెండో ఏడాది ఆ వంతెన కూడా తీసేశాం. ఎండిన తర్వాత నేల మట్టానికి కోశాం. మొలిచిన పిలకలను వేసవిలో రెండుసార్లు కోత. పక్షులు గూళ్లు పెట్టే మార్చి నుంచి అక్టోబరు సగం వరకు పెద్ద చెట్లు ముట్టుకోలేదు. పెద్ద లిండెన్ చెట్లు రెంటిని అలాగే వదిలాం. వాటి నీడ వల్లే కింద గడ్డి తప్ప పొద పెరగదు. నాలుగో ఏటికి కోత పని సగానికి తగ్గింది.

రాయి ముందు

గలీషియా సమాధిరాళ్లలో ఎక్కువ భాగం ఇసుకరాయి. తేమ పీల్చుకుంటుంది, చలికాలంలో ఆ నీరు గడ్డకట్టి వ్యాకోచిస్తుంది, పొర పొరగా లేస్తుంది. పట్టుదలగా రుద్దితే అక్షరాలతో సహా పొర ఊడివస్తుంది. అందుకే మా దగ్గర ఇనుప బ్రష్షు, ప్రెషర్ వాషర్, బ్లీచింగ్, యాసిడ్ లేవు. ముందు రాయిని తట్టి చూస్తాం. నాన్న నేర్పిన పద్ధతి ఇక్కడా పనికొచ్చింది. బోలుగా మోగితే దాన్ని ముట్టుకోం. గట్టిగా ఉంటే మంచినీళ్లతో కింది నుంచి పైకి తడిపి, మెత్తని బ్రష్షుతో నాచు తీసి, అక్షరాల గాట్లలో వెదురు పుల్ల వాడతాం. పాచి పూర్తిగా పోకపోయినా పర్వాలేదు.

చాలామంది అక్షరాలు కనబడటానికి సుద్దపొడి, పిండి, షేవింగ్ ఫోమ్ పూస్తారు. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి. రాయి రంధ్రాల్లో మిగిలిపోయి నాచుకు ఆహారమవుతుంది, లేదా రాయినే తినేస్తుంది. అద్దం చాలు. మామూలు నిలువుటద్దాన్ని ఎండలో పట్టుకుని వెలుగును పక్క నుంచి, రాయి ముఖాన్ని రాసుకుంటూ పోయేలా వేస్తే, చదునుగా కనిపించిన రాయి మీద అక్షరాలు నీడలతో లేచి నిలబడతాయి. పిల్లలకు అద్దం ఇచ్చి అది చూపించిన రోజు నేను మరిచిపోలేను. ఊరిలో పుట్టి పెరిగిన పద్నాలుగేళ్ల పాప, ఖాళీ బండ అనుకున్న దాని మీద పన్నెండు పంక్తులు కనిపించేసరికి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

పడిపోయిన రాయిని ఎక్కడ పడితే అక్కడ నిలబెట్టం. పునాది గుంత కనబడి, దాని కొలతలకు రాయి అడుగు సరిపోతేనే నిలబెడతాం. లేదంటే కంకర పరుపు మీద, నీరు నిలవకుండా కొద్దిగా వాలుగా పడుకోబెట్టి, ముఖం పైకి ఉంచుతాం. విరిగినవి అతికేటప్పుడు సిమెంటు వాడం. సిమెంటు రాయి కన్నా గట్టిది, తేమను లోపలే బంధిస్తుంది, చివరికి పక్కన ఉన్న రాయే పగులుతుంది. సున్నం గచ్చే సరైనది. ఇనుప కడ్డీలు తుప్పు పట్టి ఉబ్బి రాయిని చీలుస్తాయి కాబట్టి స్టెయిన్‌లెస్ స్టీలు వాడతాం. పాత తరం మరమ్మతుల్లో సిమెంటు దిమ్మెల్లో పాతిన రాళ్లు చాలా చూశాను. వాళ్లు మంచి మనసుతోనే చేశారు. రాళ్లు మాత్రం నిలవలేదు.

చదవడం

శాసనం చదవడం కష్టమని అందరూ భయపడతారు. నిజానికి సగం చదువు నాలుగు సంగతులు తెలిస్తే వస్తుంది. రాయి నెత్తిన సాధారణంగా రెండు హీబ్రూ అక్షరాలుంటాయి, పే, నూన్. 'ఇక్కడ దాచబడి ఉన్నారు' అని అర్థం. అడుగున ఐదు అక్షరాలుంటాయి: తావ్, నూన్, సాదే, బేత్, హే. 'ఈ ప్రాణం జీవపు మూటలో కట్టబడి ఉండుగాక' అనే ప్రార్థన. సమూయేలు మొదటి గ్రంథం 25వ అధ్యాయంలోని మాట, మన తెలుగు బైబిల్లో కూడా 'జీవపు మూట' అనే ఉంటుంది. గుంటూరులో బైబిలు చదివే ఏ అమ్మకైనా ఈ మాట తెలుసు. మధ్యలో పేరు, తండ్రి పేరు. రెంటి మధ్య మగవారైతే 'బెన్' (కొడుకు), ఆడవారైతే 'బత్' (కూతురు). ఇంటిపేరు చాలా రాళ్లపై ఉండదు.

తర్వాత తేదీ. హీబ్రూలో అక్షరాలే అంకెలు. తావ్ 400, రేష్ 200, నూన్ 50, తేత్ 9 కలిపితే 659. వేల స్థానంలోని 5 రాయకుండా వదిలేస్తారు, అంటే యూదుల పంచాంగంలో 5659. దానికి క్రీస్తు శకం లెక్క కావాలంటే 659కి 1240 కలపాలి, 1899 వస్తుంది. ఆ సంవత్సరం 1898 శరదృతువులోనే మొదలవుతుంది కాబట్టి నెల కూడా చూడాలి. శక సంవత్సరానికి 78 కలిపి శాసనం తేదీ తేల్చే మనవాళ్లకు ఇది కొత్త కాదు.

బొమ్మలు కూడా చదువే. రెండు అరచేతులు చాచి దీవిస్తున్నట్టుంటే కోహెన్, ఆలయ యాజకుల సంతతి. కూజా ఉంటే లేవీ వంశం, యాజకుల చేతులు కడిగేవారు. కొవ్వొత్తులు ఆడవారి రాయి మీద, సబ్బాతు దీపం వెలిగించేది వాళ్లే కాబట్టి. విరిగిన కొమ్మ చిన్న వయసులో పోయినవారికి.

బడి

ఊరివాళ్లతో మా మొదటి సమావేశం సరిగా జరగలేదు. గ్రామ భవనంలో స్లైడ్లు వేసి, చంపబడినవారి లెక్కలు చెప్పాం. జనం తలలు దించుకున్నారు. ఒకాయన లేచి "మా తాతలు దొంగలని చెప్పడానికి వచ్చారా?" అని అడిగి బయటికి వెళ్లిపోయాడు. ఆయన వెంట మరో పదిమంది వెళ్లారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మేం చెప్పినదాంట్లో అబద్ధం లేదు, కానీ ఆ ఊరి యూదులు ఎలా చనిపోయారో చెప్పాం తప్ప ఎలా బతికారో ఒక్క ముక్క చెప్పలేదు.

తర్వాత పద్ధతి మార్చింది స్థానిక బడిలో చరిత్ర చెప్పే టీచరు. ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలను తీసుకుని మొదట శ్మశానానికి రాలేదు, ప్రాంతీయ ఆర్కైవ్స్‌కు వెళ్లింది. యుద్ధానికి ముందు బజారులో ఎవరి దుకాణం ఎక్కడుండేదో పాత రికార్డులు చూసి పటం గీయించింది. పిల్లలకు తమ ఇళ్లే కనిపించాయి. ఒకబ్బాయి వాళ్ల ఇంటి కింది అంతస్తు ఒకప్పుడు టోపీలు కుట్టే యూదు కుటుంబానిదని తెలుసుకున్నాడు. ఆ తర్వాతే వాళ్లు గుట్ట ఎక్కారు. రికార్డుల్లో రాసుకున్న పేర్లు రాళ్లపై వెతకడానికి ఎక్కారు. ఆ తేడా నేను కళ్లారా చూశాను. వెతికేవాడి నడక వేరు, చూసిపోయేవాడి నడక వేరు.

ఇలాంటి పని పోలండ్‌లో మేమే మొదలుపెట్టలేదు. డైలాగ్ ఫోరం అనే సంస్థ 'స్కూల్ ఆఫ్ డైలాగ్' పేరుతో చిన్న పట్నాల బడిపిల్లల చేత తమ ఊరి యూదుల చరిత్ర వెతికించి, వాళ్లనే గైడ్లుగా తయారుచేస్తోంది. మేం అనుసరించింది ఆ దారినే. పిల్లలు గైడ్లయితే తల్లిదండ్రులు వినడానికి వస్తారు. మొదటి సమావేశంలో లేచి వెళ్లిపోయినాయన మనవరాలు గైడుగా నిలబడ్డ ఆదివారం, ఆయన వెనక వరసలో టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. ఏమీ అనలేదు. చివరిదాకా ఉన్నాడు.

పిల్లలు నన్నూ వదల్లేదు, మీ దేశంలో యూదులున్నారా అని అడిగారు. కేరళలోని చేందమంగలంలో 1269 నాటి హీబ్రూ సమాధిరాయి ఉందని, దాని మీది పేరు సారా బత్ ఇస్రాయేల్ అని చెప్పాను. 'బత్' వినగానే క్లాసంతా "కూతురు!" అని అరిచింది. గోల్కొండ వజ్రాల వ్యాపారం కోసం 17వ శతాబ్దంలో లండన్ నుంచి పోర్చుగీసు యూదులు మద్రాసు వచ్చి స్థిరపడ్డారనీ చెప్పాను. ఆ సాయంత్రం మచిలీపట్నంలోని డచ్చివారి సమాధులు గుర్తొచ్చాయి. 17వ శతాబ్దపు ఆ రాళ్ల పక్క వీధుల్లో ఉన్న బళ్లలో ఎంతమంది పిల్లలకు వాటిని ఎవరైనా చదివి వినిపించి ఉంటారు?

2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ మీద రష్యా యుద్ధం మొదలై పని ఆగిపోయింది. మా ప్రాంతం ఉక్రెయిన్ సరిహద్దు. బడి వ్యాయామశాలలో శరణార్థులకు మంచాలు వేశారు. నేను మూడు వారాలు సరిహద్దు దగ్గర మన తెలుగు వైద్య విద్యార్థులకు దారి చూపిస్తూ, జెషూవ్ విమానాశ్రయానికి బస్సులు ఎక్కిస్తూ గడిపాను. మళ్లీ గుట్ట ఎక్కేసరికి మే నెల వచ్చింది. పిల్లలు మేం లేకుండానే రెండుసార్లు గడ్డి కోసి ఉంచారు.

కంచె బయట నిలబడిన పెద్దాయన

2023 వేసవిలో అమెరికా నుంచి ఒక పెద్దాయన కొడుకుతో వచ్చారు. ముత్తాత రాయి ఇక్కడ ఉండొచ్చని ఆశ. మా జాబితాలో దొరికింది, విరగని రాయి, నెత్తిన రెండు చాచిన అరచేతులు. పాని దగ్గర తాళంచెవి తీసుకుని గేటు తెరిచాను. ఆయన అడుగు వేయలేదు.

నాకు అప్పుడు తట్టింది. ఆ బొమ్మ అర్థం పిల్లలకు నేనే నేర్పాను, కానీ ముందు ఆలోచించలేదు. కోహెన్ సంతతివారికి శవ మైల నిషిద్ధం. శ్మశానంలోకి రాకూడదు, సమాధి మీదికి చాచుకున్న చెట్టుకొమ్మ కిందికి కూడా రాకూడదు. సముద్రం దాటి వచ్చిన మనిషి యాభై మీటర్ల దూరంలో ఆగిపోయారు. మా లిండెన్ కొమ్మలు కంచె దాటి రోడ్డు మీదికి వంగి ఉండటం వల్ల ఆయన ఇంకా వెనక్కి జరగాల్సి వచ్చింది. ఎంత సిగ్గుపడ్డానో చెప్పలేను.

పిల్లలు ఆ పూట అక్కడే ఉన్నారు. టీచరు ఏదో చెప్పేలోపే ఇద్దరు లోపలికి పరుగెత్తి, రాయి పక్కన నిలబడి, ఒక్కో పంక్తినీ హీబ్రూలో కూడబలుక్కుంటూ గట్టిగా చదివారు. ఉచ్చారణ తప్పులున్నాయి. ఆయన కంచె కడ్డీ పట్టుకుని ప్రతి పంక్తికీ తల ఊపారు. రాయి మీది తండ్రి పేరు కూడా చదివారు, అది ఆయన పేరే. ఆ తర్వాత ఆయన, పోయినవారి కోసం చెప్పే కదీష్ ప్రార్థన చెప్పారు. కొడుకు జేబులోంచి గులకరాయి తీసి ఒకమ్మాయికి ఇచ్చాడు. ఆమె తీసుకెళ్లి సమాధిరాయి మీద పెట్టింది. యూదుల సమాధుల మీద పూలు పెట్టరు, రాయి పెడతారు.

ఆ శీతాకాలం హద్దు దాటిన కొమ్మలన్నీ కత్తిరించాం. కంచె బయట, ఏ కొమ్మా చేరని చోట, రాళ్లు బాగా కనిపించేలా ఒక చదును వేసి బల్ల పెట్టాం. ఇప్పుడు నేను ఏ శ్మశానం ప్లాను గీసినా మొదటి రోజే బయట నిలబడే చోటు గుర్తుపెడతాను.

తిరిగి వచ్చిన రాళ్లు

ఇది మేం అడగలేదు. చర్చి ఫాదరు ఒక ఆదివారం ప్రసంగంలో, ఎవరి పెరట్లోనైనా రాళ్లుంటే గుట్ట గేటు దగ్గర పెట్టవచ్చని, ఎవరూ ఏమీ అడగరని చెప్పారు. మొదటి రాయి మూడు వారాల తర్వాత రాత్రిపూట వచ్చింది, పాత గోనెసంచి కప్పి. ఒక సానరాయి. మధ్యలో ఇరుసు రంధ్రం, ఒక వైపు కత్తులు నూరి నూరి నున్నబడింది, రెండో వైపు నాలుగు అక్షరాలు మిగిలాయి. తర్వాత పగలే తెచ్చారు. ఒకావిడ గుమ్మం ముందు మెట్టు తీయించి ట్రాక్టరులో తెచ్చి, "మా అత్తగారు ఈ మెట్టు మీద ఎప్పుడూ కాలు పెట్టేది కాదు, దాటి వెళ్లేది. ఎందుకని అడిగితే చెప్పేది కాదు" అంది. 2024 అక్టోబరు నాటికి యాభై ఏడు ముక్కలు వచ్చాయి.

వాటిని ఏం చేయాలన్నది పెద్ద చర్చ అయింది. వారసుల్లో కొందరు నిలబెట్టమన్నారు, చూడటానికి నిండుగా ఉంటుందని. మేం ఒప్పుకోలేదు. ఎవరి సమాధో తెలియని చోట ఇంకొకరి పేరు పాతడం అబద్ధం అవుతుంది, పైగా తవ్వాల్సి వస్తుంది. క్రాకోవ్‌లో రెమూ శ్మశానం గోడలో, కజీమీర్జ్ దోల్నీలో నడిమధ్య చీలికతో కట్టిన స్మారక గోడలో విరిగిన రాళ్లను కూర్చారు. అవి గొప్ప కట్టడాలే. మేం మాత్రం గోడలో కూర్చకుండా, గేటు పక్కన సమాధులు లేవని తేలిన చోట, నేల మీద కంకర పరిచి, చెక్క అరల్లో విడివిడిగా ఉంచాం. రేపు ఇంకో ముక్క వస్తే జత కలపగలగాలి. ఇప్పటికి మూడు జతలు కలిశాయి. ఒకటి, సానరాయి మీది నాలుగు అక్షరాలకు వేరే ఇంటి నుంచి వచ్చిన ముక్క మీది మిగతా పేరు సరిపోయింది. జత కుదిర్చింది అద్దం పట్టుకున్న ఆ పాపే. ఇప్పుడు ఆమె ఇంటర్ ఈడులో ఉంది, హీబ్రూ నేర్చుకుంటోంది.

2019లో కనిపించకుండా పోయిన ఆ రెండు రాళ్లు ఇంకా రాలేదు. వాటి ఫోటోలు మా దగ్గరున్నాయి, పేర్లు జాబితాలో మొదట రాసి ఉంచాం.

ఊరి చివర ఒక పెద్ద కొట్టం ఉంది. దాని పునాదిలో కనీసం పద్నాలుగు రాళ్లున్నాయని, బయటికి కనిపించే అంచులను బట్టి లెక్కేశాం. రాళ్లు తీస్తే కొట్టం పడిపోతుంది. యజమాని ముప్ఫై ఏళ్లవాడు, అతనికి అది తాతల ఆస్తి. మేం ఒత్తిడి చేయలేదు. గత నెల అతనే పాని ఇంటికి వచ్చి, వచ్చే వసంతంలో కొట్టం కూల్చి కొత్తది కడతానని, కూల్చే రోజు ముందుగా చెబుతానని అన్నాడట. చెక్క పలకలు, పాత దుప్పట్లు, చిన్న క్రేన్ బండి మాట్లాడి ఉంచాం.